టర్బో పెర్ఫార్మెన్స్ కారు: మైలేజీ, నిర్వహణ ఖర్చులపై తరచుగా అడిగే ప్రశ్నలు

టర్బో కారు కొన్నవాళ్లూ, కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ నన్ను అడిగేవి దాదాపు ఇవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. ఆరేళ్లుగా 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. పోయించిన ప్రతి లీటరూ, కట్టిన ప్రతి బిల్లూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనే ముందు

టర్బో ఉంటే మైలేజీ పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

రెండూ నిజమే, అదంతా మీ కుడికాలి మీద ఆధారపడి ఉంటుంది. ఎగ్జాస్ట్‌లో ఊరికే పోయే వేడినీ ఒత్తిడినీ వాడుకుని టర్బో ఒక చిన్న ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెడుతుంది. మెల్లగా వెళ్తున్నంతసేపూ మీ దగ్గరున్నది చిన్న ఇంజనే, పెట్రోల్ కూడా చిన్న ఇంజన్ తాగినంతే తాగుతుంది. గట్టిగా తొక్కారంటే అదే ఇంజన్ పెద్ద ఇంజన్‌లా పనిచేస్తుంది, పెట్రోల్ కూడా అలాగే లాగుతుంది.

పైగా ఇంకో సంగతి ఉంది. మామూలుగా ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. పూర్తి బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టి ఒత్తిడితో నెట్టేటప్పుడు, చాలా ఇంజన్లు ఆ లెక్కను 12 దగ్గరికి దించేస్తాయి, అంటే గాలికి సరిపోయే దానికన్నా ఎక్కువ పెట్రోల్ చల్లుతాయి. ఆ అదనపు పెట్రోల్ ముఖ్యంగా పిస్టన్లనూ టర్బోలోని టర్బైన్ చక్రాన్నీ వేడి నుంచి కాపాడడానికి, నాకింగ్ (పెట్రోల్ తనంతట తాను పేలిపోవడం) రాకుండా చూడడానికి. టర్బో కారు తొక్కితే విపరీతంగా తాగుతుందని అనడానికి పెద్ద కారణం ఇదే.

ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, అసలు ఎంత తాగుతుంది?

చిన్న లెక్క వేద్దాం. 300 హార్స్‌పవర్ అంటే దాదాపు 220 కిలోవాట్లు. పూర్తి లోడ్‌లో ఒక కిలోవాట్-గంట శక్తికి సుమారు 300 గ్రాముల పెట్రోల్ పడుతుందనుకుంటే గంటకు 66 కిలోలు. లీటరు పెట్రోల్ బరువు 745 గ్రాముల చొప్పున చూస్తే గంటకు 88 లీటర్లు, నిమిషానికి దాదాపు లీటరున్నర. 50 లీటర్ల ట్యాంకు 35 నిమిషాలు కూడా రాదు.

రోడ్డు మీద ఎవరూ అలా తొక్కిపట్టి ఉంచలేరు కాబట్టి కంగారు పడకండి. చదునైన రోడ్డు మీద నిలకడగా 100 వేగంతో వెళ్లడానికి ఇలాంటి కారుకు 20 కిలోవాట్లు కూడా అక్కర్లేదు. రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే మాత్రం ఈ లెక్క గుర్తుపెట్టుకుని ట్యాంకు నింపుకుని వెళ్లండి.

300 హార్స్‌పవర్ కార్లన్నీ ఒకేలా తాగుతాయా?

లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రేటింగులే చూడండి. 306 హార్స్‌పవర్ హోండా సివిక్ టైప్ ఆర్, అంటే 2017లో వచ్చిన తరం, సిటీ, హైవే కలిపి గ్యాలన్‌కు 25 మైళ్లు. 310 హార్స్‌పవర్ సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐకి 19 మైళ్లే. కిలోమీటర్లలో చెప్పాలంటే మొదటిది లీటరుకు 10.6, రెండోది 8.1. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే తేడా దాదాపు 440 లీటర్లు.

శక్తి ఒకటే అయినా ఎస్టీఐ నాలుగు చక్రాలనూ తిప్పుతుంది, ఇంజన్ పాత తరం 2.5 లీటర్లది, గేర్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎస్టీఐ కొనేవాళ్లు తడి రోడ్డు మీద దొరికే పట్టు కోసం కొంటారు, అది తప్పని నేననను. కానీ ఆ పట్టుకు పెట్రోల్ రూపంలో ఏటా కొంత కట్టాల్సిందే.

కంపెనీ చెప్పిన మైలేజీ నాకు వస్తుందా?

దాదాపు రాదు. నా సలహా ఏమిటంటే చెప్పిన అంకెలో 20 శాతం తీసేసి బడ్జెట్ వేసుకోండి, అంతకన్నా ఎక్కువ వస్తే సంతోషం. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్ల మైలేజీ కొలవడానికి పెట్టిన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష 30 నిమిషాలు, 23 కిలోమీటర్ల పైచిలుకు. సగటు వేగం 46.5, గరిష్ఠ వేగం 131 కిలోమీటర్లు. అందులో వేగం పెంచే తీరు నిదానంగా ఉంటుంది కాబట్టి శక్తిమంతమైన టర్బో కారు పూర్తి బూస్ట్ దాకా వెళ్లే సందర్భమే రాదు. అంతకుముందున్న ఎన్ఈడీసీ పరీక్ష ఇంకా సుతిమెత్తనిది. పాత బ్రోచర్లలో కనిపించే అంకెలకు ఇంకొంచెం ఎక్కువే కోత వేయండి.

పెట్రోల్ కాకుండా ముందే లెక్క వేసుకోవాల్సిన ఖర్చులేంటి?

నా పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద అంకె పెట్రోల్ కాదు, కారు విలువలో వచ్చిన తరుగుదల. అందరూ పెట్రోల్ గురించే అడుగుతారు, తరుగుదల గురించి అడిగేవాళ్లు అరుదు. ఆ తర్వాత పెట్రోల్, ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు, ఆ వరసలో. అడ్వాన్స్ ఇచ్చే ముందు రెండు పనులు చేయండి. సరిగ్గా ఆ వేరియంట్ పేరు చెప్పి ఇన్సూరెన్స్ ఎంతో అడగండి. టైరు పక్కన రాసి ఉన్న సైజు చూసి ఒక సెట్ ధర కనుక్కోండి. ఈ రెండు అంకెలు విని వెనక్కి తగ్గినవాళ్లు నాకు తెలుసు. కొన్నాక బాధపడేకన్నా అదే నయం.

సెకండ్ హ్యాండ్ టర్బో కారు చూస్తున్నా. దేన్ని బట్టి నమ్మాలి?

ముందు ఆయిల్ మార్పించిన బిల్లులు. తర్వాత చల్లటి స్టార్ట్. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేయగానే గానీ, కాసేపు ఐడిలింగ్ (కారు కదలకుండా ఇంజన్ తిరగడం) తర్వాత తొక్కినప్పుడు గానీ నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, మంచివి అయితే ఆ ఓనరు ఖర్చుకు వెనకాడలేదని అర్థం. నాలుగు రకాల చవక టైర్లు కనిపిస్తే ఆయిల్ విషయంలోనూ అలాగే చేసి ఉంటాడని నా అనుమానం. శక్తి కోసం ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి (దీన్నే రీమ్యాప్ అంటారు), అమ్మేముందు మళ్లీ మామూలు ఫైల్ ఎక్కించారేమో సూటిగా అడగండి.

## కొన్న కొత్తలో

95 ఆక్టేన్ పోయాలా, 98 పోయాలా? ఎక్కువ ఆక్టేన్‌లో ఎక్కువ శక్తి ఉంటుందా?

ఆక్టేన్ అంటే శక్తి కాదు. ఒత్తిడికీ వేడికీ పెట్రోల్ తనంతట తాను పేలిపోకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. టర్బో ఇంజన్‌లో ఆ ఓర్పు చాలా అవసరం. తక్కువ ఆక్టేన్ పోస్తే నాక్ సెన్సార్ పసిగడుతుంది, ఇంజన్ కంప్యూటర్ ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది కానీ శక్తి తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, అదే పనికి ఎక్కువ పెట్రోల్ పడుతుంది.

పెట్రోల్ మూత లోపల రాసి ఉన్నదే మీకు ప్రమాణం. అక్కడ 98 తప్పనిసరి అని ఉంటే చర్చే లేదు. కనీసం 95, సిఫారసు 98 అని ఉంటే మూడు ట్యాంకులు అదీ, మూడు ట్యాంకులు ఇదీ పోసి లెక్క చూసుకోండి. నా కారులో నిదానంగా తిరిగిన నెలల్లో తేడా కనిపించలేదు, ఎండాకాలం ఘాట్ రోడ్లలో స్పష్టంగా కనిపించింది. ఇంకో మాట, అమెరికా బంకుల్లో కనిపించే 91, 93 వేరే పద్ధతి అంకెలు. అక్కడి 93 మిగతాచోట్ల 98కి దాదాపు సమానం.

ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో మైలేజీ ఎందుకు పడిపోతుంది?

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన 10 శాతం కలిపితే దాదాపు 3 శాతం, 20 శాతం కలిపితే 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. అంతకు మించి పడిపోతే తప్పు ఇథనాల్‌ది కాకపోవచ్చు, కారులో వెతకండి. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని బాగా చల్లబరుస్తుంది. అందుకే ఇంజన్ల శక్తి పెంచే ట్యూనర్లు దాన్ని ఇష్టపడతారు. కానీ మీ కారు ఎంత శాతం వరకు తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూడకుండా పోయకండి.

మైలేజీ సరిగ్గా ఎలా లెక్కపెట్టాలి? డాష్‌బోర్డు అంకె నమ్మొచ్చా?

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగినప్పుడే ఆపేయండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. నా డాష్‌బోర్డు ఎప్పుడూ 5 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. 100 కిలోమీటర్లు సిటీలో లీటరుకు 8, మరో 100 హైవేలో 12 వచ్చిందనుకోండి. సగటు 10 కాదు, 9.6. మొత్తం లీటర్లతో మొత్తం కిలోమీటర్లను భాగిస్తేనే నిజం తెలుస్తుంది.

కొత్త ఇంజన్‌ని మొదట్లో మెల్లగా నడపాలా?

మాన్యువల్‌లో చెప్పినంత దూరం వరకు, అవును. ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా ఆర్‌పీఎం మారుస్తూ ఉండండి, ఫుల్ థ్రాటిల్ వద్దు. మొదటి రెండు మూడు ట్యాంకుల మైలేజీ చూసి నిరుత్సాహపడకండి.

## రోజూ నడిపేటప్పుడు

సరదా చావకుండా మైలేజీ రావాలంటే ఎలా నడపాలి?

బూస్ట్ మీటర్ ఉంటే దాన్ని చూడడం అలవాటు చేసుకోండి. ముల్లు సున్నాకి కింద ఉన్నంతసేపూ మీరు పొదుపులో ఉన్నట్టు. నేను నిలకడగా వెళ్లేటప్పుడు ముల్లును కిందే ఉంచుతాను, ఓవర్‌టేక్ చేయాల్సి వస్తే సగం సగం కాకుండా శుభ్రంగా తొక్కి, పని అవగానే వదిలేస్తాను. నాలుగు సెకన్ల ఫుల్ బూస్ట్‌తో ట్యాంకు ఖాళీ అవదు. సిటీలో ప్రతి సిగ్నల్ నుంచీ సగం బూస్ట్‌తో ఎగరడం, మళ్లీ బ్రేక్ కొట్టడం, అదే ట్యాంకును ఖాళీ చేస్తుంది.

ముందు ఎర్ర లైటు కనిపిస్తే గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. అప్పుడు పెట్రోల్ చల్లే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఒక్క చుక్క కూడా పోదు. న్యూట్రల్‌లో దొర్లిస్తే ఇంజన్ తిరగడానికి పెట్రోల్ పోస్తూనే ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులుగా నమ్ముతారు.

హైవేలో అసలు శత్రువు గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 120కి వెళ్తే 44 శాతం ఎక్కువ. నేను ఒకే దారిలో, ఒకే లోడ్‌తో, ఒక వారం 100లో, మరో వారం 120లో వెళ్లి చూశాను. లీటరుకు 14.1 వచ్చింది మొదటిసారి, 11.8 రెండోసారి. ఇంటికి చేరడంలో తేడా పదిహేను నిమిషాలు.

మైలేజీ కోసం పెద్ద గేరులో తక్కువ ఆర్‌పీఎంలో తొక్కితే ఇంజన్‌కి ప్రమాదమా?

నిలకడగా వెళ్తే ఏమీ కాదు. కానీ ఆరో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉండగా యాక్సిలరేటర్‌ని నేలకు తొక్కడం మాత్రం వద్దు. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చల్లే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో అప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే అవకాశం ఉంది. సిలిండర్‌లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి పిస్టన్ రింగుల మధ్య గోడ విరిగిన ఇంజన్లున్నాయి. ఈ సమస్యను దృష్టిలో పెట్టుకునే 2020లో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వాళ్ల ఎస్‌పీ ఆయిల్ ప్రమాణం వచ్చింది. మీ కారు కంపెనీ అడిగిన ప్రమాణంతో పాటు డబ్బా మీద ఎస్‌పీ ఉందేమో చూడండి. శక్తి కావాలంటే గేరు దించి తొక్కండి.

ఇంజన్ ఆపే ముందు ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచాలా?

రోజువారీ ప్రయాణానికి అక్కర్లేదు. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరుగుతూ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. వేడిగా ఉండగా ఆపేస్తే ఆ ఆయిల్ అక్కడే మాడి మసి కడుతుందన్నది భయం. ఇప్పటి టర్బోల్లో నీళ్ల కూలింగ్ ఉంటుంది, కొన్ని కార్లలో ఇంజన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ పంపు తిరుగుతుంది. ఆఖరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తే చాలు. ఘాట్ ఎక్కి నేరుగా పైన ఆపాల్సి వస్తే మాత్రం ఒక నిమిషం ఆగండి.

ఏసీ వేస్తే ఎంత తగ్గుతుంది?

హైవేలో కొద్దిగానే, ట్రాఫిక్‌లో కాస్త ఎక్కువ. సుఖంగా కూర్చున్నవాడు నిదానంగా నడుపుతాడు కాబట్టి ఏసీ వేసుకోండి.

ఆఫీసు మూడు కిలోమీటర్లే. రోజూ అంత చిన్న ప్రయాణానికి వాడొచ్చా?

వాడొచ్చు కానీ ఈ కారుకు అదే అన్నిటికన్నా కష్టమైన పని. చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాలి. నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద తుడిచి వాసన చూడండి. నాకు ఒక చలికాలం ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పైగీత దాటింది, గుడ్డ మీద పెట్రోల్ వాసన గుప్పుమంది. వెంటనే ఆయిల్ మార్పించాను. అప్పటి నుంచి వారానికొకసారైనా అరగంట బయటకు తీసుకెళ్లి బాగా వేడెక్కనిస్తాను.

## సర్వీసు, రిపేర్లు

కంపెనీ 15 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటోంది. మీరు 8 వేలకే ఎందుకు మార్పిస్తారు?

ఆ ఆయిల్ ఇంజన్‌ని మాత్రమే కాదు, ఎర్రగా కాలే టర్బైన్ పక్కనున్న బేరింగ్‌ని కూడా కాపాడాలి కాబట్టి. ఎక్కువ దూరాలు హైవేలో నిదానంగా తిరిగేవాళ్లకు 15 వేలు సరిపోవచ్చు. చిన్న ప్రయాణాలు, గట్టి తొక్కుడు, ఎండలు ఉన్నవాళ్లు సగానికే మార్పించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. అదనంగా ఒక ఆయిల్ సర్వీసుకయ్యే ఖర్చును కొత్త టర్బో ధర పక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. పొదుపు చేయాలంటే ఎక్కడైనా చేయండి, ఆయిల్‌లో మాత్రం వద్దు.

ఉన్నట్టుండి మైలేజీ పడిపోయింది. ఎక్కడ వెతకాలి?

మూడో ఏడు నా కారు లీటరుకు 10.8 నుంచి 9.3కి దిగింది. చెక్ లైటు లేదు. ఒక వర్క్‌షాప్‌లో ప్లగ్గులు మార్చారు, ఇంకోచోట ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, అంకె కదల్లేదు. ఒకరోజు కిటికీలు దించి గోడ పక్కనుంచి వెళ్తూ తొక్కితే బూస్ట్ ఎక్కినప్పుడల్లా సన్నగా బుస్‌మన్న శబ్దం వినిపించింది. బానెట్ ఎత్తి, టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు చుట్టూ వేలు పెట్టి తడిమితే ఒక జాయింట్ దగ్గర జిడ్డుగా ఆయిల్ తగిలింది. అక్కడి క్లాంపు వదులైంది. ముందున్న సెన్సార్ కొలిచిన గాలి ఇంజన్ చేరకముందే బయటకు పోతోంది, ఈసీయూ మాత్రం దానికి సరిపడా పెట్రోల్ పోస్తోంది. స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పాక తర్వాతి ట్యాంకుకే 10.7 వచ్చింది.

అందుకే ముందు టైర్ల గాలి, ఆ తర్వాత బూస్ట్ పైపులు చూడండి. కాస్త దూరం నడిపి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. ఇంజన్ వేడెక్కడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి. సెన్సార్లు మార్చడం ఆఖరి మెట్టు.

టైర్లు 20 వేల కిలోమీటర్లకే అరిగిపోయాయి. మామూలేనా?

ఈ కార్లకు మామూలే. మెత్తటి రబ్బరు వల్లే పట్టు, మెత్తటి రబ్బరు వల్లే అరుగుదల. ముందు చక్రాలతో నడిచే కారైతే శక్తీ, స్టీరింగూ, బ్రేకింగూ అన్నీ ముందు టైర్ల మీదే పడతాయి. ముందూ వెనకా ఒకే సైజైతే 8 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చుకోండి. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ సరిచూపించాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది, బ్రేక్ ప్యాడ్లు అరగకపోయినా దాన్ని రెండేళ్లకోసారి మార్పించండి.

వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుందట. నిజమేనా?

డైరెక్ట్ ఇంజెక్షన్ మాత్రమే ఉన్న ఇంజన్లలో నిజం. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది కాబట్టి గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులను కడిగేది ఏమీ ఉండదు. చల్లటి స్టార్ట్‌లో ఇంజన్ వణకడం తొలి గుర్తు. వాల్‌నట్ గుల్లల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. టొయోటా జీఆర్ యారిస్ లాంటి కార్లలో ఆ వాల్వుల ముందే పెట్రోల్ చల్లే పోర్ట్ ఇంజెక్టర్లు కూడా ఉంటాయి, వాటిలో ఈ బెడద తక్కువ.

టర్బో పోతే కొత్తది బిగిస్తే సరిపోతుందా?

ఎందుకు పోయిందో తెలుసుకోకుండా బిగిస్తే కొత్తదీ పోతుంది. ఎక్కువసార్లు కారణం ఆయిల్ అందకపోవడమే. ఆయిల్ పైపు మార్చాలి, ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్, ముక్కలు తీసేయాలి. ఈ పనులు బిల్లులో ఉన్నాయో లేదో అడిగి చూడండి.

## మార్పులు, అమ్మకం

రీమ్యాప్ చేయిస్తే శక్తితో పాటు మైలేజీ కూడా పెరుగుతుందంటున్నారు?

పెట్రోల్ టర్బోలో నిదానంగా వెళ్లేటప్పుడు మహా అయితే కాస్త తేడా రావచ్చు. కానీ శక్తి పెంచుకున్నది వాడుకోవడానికే కదా, వాడితే పెట్రోల్ పోతుంది. ఖర్చు పెట్రోల్‌తోనూ ఆగదు. ఎక్కువ టార్క్‌కి (తిప్పే బలానికి) క్లచ్ జారడం మొదలవుతుంది, ప్లగ్గులు త్వరగా మార్చాలి, వారంటీ తిరస్కరించే అవకాశం ఉంది, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. ఇవన్నీ తెలిసి చేయిస్తే అభ్యంతరం లేదు, మైలేజీ కోసమని మాత్రం చేయించకండి.

బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టిస్తే పెట్రోల్ మీద ప్రభావం ఉంటుందా?

ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కారులో ఉంటుంది. అప్పటికే కొలిచేసిన గాలిని ఈ వాల్వ్ బయటకు వదిలేస్తుంది కాబట్టి గేరు మార్చిన ప్రతిసారీ కాసేపు పెట్రోల్ ఎక్కువ పడుతుంది. గాలిని వెనక్కి పంపే కంపెనీ వాల్వునే ఉంచుకోండి.

అమ్మేటప్పుడు ఈ లెక్కలన్నీ పనికొస్తాయా?

బిల్లులున్న కారుకూ లేని కారుకూ ధరలో తేడా వస్తుంది. నా స్నేహితుడు తన కారు అమ్మినప్పుడు కొనడానికి వచ్చినాయన టెస్ట్ డ్రైవ్‌కన్నా ఎక్కువసేపు ఆయిల్ బిల్లుల ఫైలే తిరగేశాడు. తేదీలు, కిలోమీటర్లు ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వెళ్లి, చివర్లో బేరం ఆడకుండా అడిగిన ధర ఇచ్చాడు.